ముందు మోకాళ్లు, ఆ తర్వాతే ఊరు

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా ఫోన్ నాకే వస్తుంది. నేనేమీ ట్రావెల్ ఏజెంటును కాదు, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పెళ్లయిన కొత్తలో అత్తగారి తరఫు వాళ్లందరికీ తిరుపతి రైలు టికెట్లు, కొండ మీద గదులు కుదిర్చి పెట్టాను. అప్పటి నుంచి ఆ పని నా నెత్తినే ఉండిపోయింది. ఇష్టం లేక చెప్పడం లేదు. రాత్రి పిల్లాడు పడుకున్నాక ఏ రైలు ఏ ఊళ్లో ఎన్నింటికి ఆగుతుందో చూస్తూ కూర్చోవడం నాకు సీరియల్ చూడటం కంటే బాగుంటుంది.

పోయినేడు మాత్రం దసరాకీ సంక్రాంతికీ మధ్య అందరికీ ఒకేసారి ప్రయాణాలు పడ్డాయి. అత్తయ్యా మామయ్యా, హనుమకొండలో ఉండే ఆడపడుచు కుటుంబం, విజయవాడలో ఉద్యోగం చేస్తున్న మరిది, రిటైరైన మా పిన్ని, డాలస్ నుంచి వచ్చే మా పెదనాన్నగారబ్బాయి. ఒక్కొక్కరి చేతిలో డబ్బు వేరు, ఒంట్లో ఓపిక వేరు. అడిగే మాట మాత్రం అందరిదీ ఒకటే: "ఎక్కడికెళ్తే బాగుంటుందంటావ్?"

దానికి నేను ఊరి పేరు చెప్పను. ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీలో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? కారులో వాంతులు ఎవరికి? రాత్రి బాత్రూమ్‌కి ఎవరు ఎక్కువసార్లు లేస్తారు? సెలవు ఏ నెలలో? అన్నీ అయ్యాక చివర్లో డబ్బు సంగతి. మొదటే డబ్బు అడిగామా, కొందరు ఉన్నదానికంటే తగ్గించి చెప్తారు, కొందరు డాబు కోసం పెంచి చెప్తారు. ప్రయాణం మీద కాస్త ఆశ పుట్టాక అడిగితే నిజం బయటికొస్తుంది.

అత్తయ్యా మామయ్యలకు ఊరు ఎంచే పని లేదు. కాశీ అని ఎప్పుడో అనేసుకున్నారు. "పోతే తొమ్మిది నిద్రలూ చేసే రావాలి" అని అత్తయ్య పట్టు. మామయ్యకు 71 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఆపరేషన్ అంటే భయం. మా ఆయన ఒక ప్యాకేజీ కాగితం తెచ్చారు. కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ అన్నీ వరసగా చుట్టించి తెచ్చేస్తారట. చదివి చూస్తే రోజూ తెల్లవారుజామున లేవడం, బస్సెక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మామయ్య నెమ్మదిగా నడవగలరు, బస్సు మెట్లెక్కడమే ఆయన వల్ల కాదు. అందుకని ఒకటే ఊరు, తొమ్మిది రాత్రులూ అక్కడే అని తేల్చాం. గయ సంగతి ఇంకోసారి చూసుకోవచ్చు.

ఇద్దరికీ కలిపి 50,000 దాటకూడదని మామయ్య షరతు పెట్టారు. ఆయన పెన్షన్ డబ్బులే, మా దగ్గర తీసుకోరు. అన్ని రాత్రులు హోటల్లో ఉంటే గదికే సగం పోతుంది. అయితే కాశీలో తెలుగువాళ్లకు బసకు లోటు లేదు. మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీ రామ తారక ఆంధ్ర ఆశ్రమం గురించి చాలామందికి తెలుసు. వేరే సత్రాలూ ఉన్నాయి. నేను వరసగా ఫోన్లు చేసి అందరినీ అవే మూడు ప్రశ్నలు అడిగాను. లిఫ్టు ఉందా, లేకపోతే కింది గది ఇస్తారా? బాత్రూమ్‌లో కమోడ్ ఉందా? ఆటో మీ గుమ్మానికి ఎంత దూరంలో ఆగిపోతుంది? మూడోది వినగానే అవతలివాళ్లు నవ్వారు, కానీ అన్నిటికంటే అదే ముఖ్యం. గొదౌలియా కూడలి దాటి ఘాట్ల వైపు సందుల్లోకి వెళ్లాక ఇక కాళ్లే దిక్కు. అటుపక్క ఆవు, ఇటుపక్క బైకు, మధ్యలో మన సామాను. ఆ చివరి అరకిలోమీటరు గురించి ఏ ప్రకటనలోనూ రాయరు.

నెల విషయంలో అత్తయ్యకూ నాకూ కాస్త వాదన జరిగింది. ఆవిడ కార్తీక పౌర్ణమికే ఉండాలన్నారు. ఆ రాత్రి కాశీలో దేవ్ దీపావళి, ఘాట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. చూడటానికి ఎంత బాగుంటుందో, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అంత ఇబ్బంది. గదుల ధరలూ ఆకాశంలోనే. డిసెంబరు మధ్యకు జరిపితే పొగమంచు, రైళ్లు గంటలకొద్దీ లేటు. పౌర్ణమి వెళ్లిన వారానికి బయలుదేరేట్టు ఒప్పించాను. నెల కార్తీకమే కదా అంటే ఒప్పుకున్నారు.

గది మీద మిగిలిన డబ్బంతా ప్రయాణం మీద పెట్టాను. వెళ్లేటప్పుడు దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ, వచ్చేటప్పుడు విమానం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పోయేటప్పుడు విమానంలో హుషారుగా పోయి, అలిసిపోయి రైల్లో పడి వస్తారు. పోయేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, పులిహోర ఉంటుంది, పక్క బెర్తుల్లో మాట్లాడటానికి మనుషులుంటారు. ఒక రాత్రీ ఒక పగలూ తెలియకుండా గడిచిపోతాయి. తొమ్మిది నిద్రలు అయ్యాక మాత్రం త్వరగా ఇంట్లో పడాలి.

రైల్వేలో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. కానీ లోయర్ బెర్త్ కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే చాలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ కోటా ఒక్కరికి గానీ ఇద్దరికి గానీ తీసే టికెట్టుకే. దింపి రావడానికి వెళ్లే కొడుకు పేరు కూడా అదే టికెట్‌లో కలిపామా, కోటా పోతుంది, పై బెర్తు వచ్చి కూర్చుంటుంది. అందుకే పెద్దవాళ్లిద్దరికీ ఒక టికెట్, మా ఆయనకు వేరే టికెట్ తీశాను. బుకింగ్ కూడా ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పూజ గదిలోంచి అత్తయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డారు. రెండు లోయర్లూ వచ్చాక గాని లోపలికి వెళ్లలేదు.

తిరుగు విమానానికి వీల్‌చైర్ కావాలని టికెట్ తీసేటప్పుడే పెట్టాను. మామయ్యకు చెప్పలేదు. వారణాసి ఎయిర్‌పోర్టులో కుర్చీ రాగానే "నేనేమన్నా రోగినా?" అని గొడవపెట్టారట. పక్కనే ఆయన కంటే చిన్నవాడొకడు దర్జాగా కుర్చీలో వెళ్లిపోతుంటే చూసి మాట్లాడకుండా కూర్చున్నారని అత్తయ్య చెప్పారు. కాశీలో ఏదైనా వదిలెయ్యాలి కదా, మామయ్య కాకరకాయ వదిలేశారు. ఇష్టమైనది వదలాలని అత్తయ్య ఎంత చెప్పినా వినలేదు. ఆ విషయంలో ఇంకా పంచాయితీ నడుస్తోంది.

ఆడపడుచుది మరో లెక్క. ఆరేళ్ల పాప, రెండేళ్లు నిండని బాబు. పాపకు కారు వంపు తిరిగితే చాలు వాంతి. అయినా మా వదినకు మనాలీ వెళ్లి మంచులో ఫొటో దిగాలని ఉంది. ఢిల్లీ దాకా రైలో విమానమో, అక్కడి నుంచి రాత్రంతా ఘాట్ రోడ్డు. తీరా వెళ్లాక డిసెంబరు మొదటి వారంలో మనాలీ ఊళ్లో మంచు పడుతుందన్న గ్యారంటీ లేదు. "వదినా, మంచు నువ్వు చూస్తావ్, వాంతులు ఎవరు చూస్తారు?" అన్నాను. అన్నయ్య వెంటనే నా పక్షం అయిపోయారు. ఆ బడ్జెట్టులో మూడోవంతు కూడా కాని అరకు చెప్పాను.

అరకు చెప్పడానికి కారణం రైలు. కాజీపేటలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. విశాఖ నుంచి కిరండూల్ రైలు పొద్దున్నే ఏడు లోపే బయలుదేరి, నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది, మన అదృష్టం కొద్దీ అనంతగిరి కొండల్లోంచి వెళ్తుంది. కారులో ఆ కొండ ఎక్కితే పాప పని అయిపోయేది, రైల్లో అయితే వంపులు మెత్తగా తిరుగుతాయి. ఒకటే జాగ్రత్త చెప్పాను. గోదావరి దిగి అదే పొద్దున కిరండూల్ ఎక్కేద్దాం అనుకోవద్దు, ముందు రైలు గంట లేటైతే రెండోది వెళ్లిపోతుంది. అందుకని మొదటి రోజు విశాఖలోనే ఉంచాను. ఆర్కే బీచ్, ఆ ఎదురుగానే సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి రోప్‌వే. పిల్లలకు ఒక రోజుకి అవి చాలు. వాళ్లు దిగిన హోటల్ వాళ్లు సముద్రం కనబడే గది అని చెప్పి ఎక్కువ తీసుకున్నారట. బాల్కనీ రెయిలింగ్ పట్టుకొని నడుం దాకా వంగితే నీలంగా ఒక చీలిక కనబడిందట.

అరకు రైలుకు 2017 నుంచి విస్టాడోమ్ బోగీ ఉంది, పెద్ద పెద్ద అద్దాలు, పైకప్పులో కూడా అద్దం. దాని టికెట్ మామూలు బోగీకి చాలా రెట్లు. వెళ్లేటప్పుడు మాత్రం అందులో, వచ్చేటప్పుడు స్లీపర్‌లో తీశాను. వచ్చేది సాయంత్రం, సగం దారిలోనే చీకటి పడుతుంది, చీకట్లో అద్దాలకు డబ్బు పెట్టడం ఎందుకు? సొరంగాలు యాభైకి పైనే. మొదటి సొరంగంలో బోగీలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేక పెట్టారు, బాబు జడుసుకొని ఏడ్చాడు. మూడో సొరంగం నుంచి వాడూ కేకలు మొదలుపెట్టాడు. ఆ వీడియో పంపారు, అందులో మంచిగా వినబడేది కేకలే. శని ఆదివారాలు తప్పించి మంగళ బుధవారాలు పెట్టినందువల్ల గది సగం ధరకే వచ్చింది. పొలాల్లో వలిసెలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి, వదినకు కావలసిన ఫొటో అక్కడే దొరికింది. బొర్రా గుహల్లోకి మాత్రం అన్నయ్య పాపను తీసుకొని దిగారు, వదిన బాబుతో బయట కూర్చొని బొంగులో చికెన్ తిన్నది. మెట్లు చాలా ఉంటాయి, చంకలో పిల్లాడితో తడిమెట్లు దిగడం వద్దని ముందే చెప్పాను.

మరిది సంగతి ఐదు నిమిషాల్లో తేలింది. నలుగురు బ్రహ్మచారులు, తలకు 5,000, గోవా కావాలి. ఆ డబ్బుతో గోవాకు వెళ్లి రావచ్చు, అక్కడ తినడానికి ఏమీ మిగలదు. హంపి వెళ్లమన్నాను. విజయవాడలో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున హోసపేట, అక్కడి నుంచి హంపికి బస్సు. హోసపేటలో లాడ్జి, రోజంతా సైకిళ్లు అద్దెకు. తెల్లవారుజామున మాతంగ పర్వతం ఎక్కడం, మధ్యాహ్నం తుంగభద్రలో పుట్టి ఎక్కడం. కొత్త 50 రూపాయల నోటు వెనక ఉండే రాతిరథం ముందు అదే నోటు పట్టుకొని ఫొటో దిగడం కూడా అయింది, అది అందరూ చేసేదే. హంపి గుడి వీధుల్లో మందూ మాంసం దొరకదని మాత్రం ముందే చెప్పలేదు. చెప్తే గోవాకే పోయేవాళ్లు.

అందరిలోకీ నాకు ఎక్కువ ఇష్టంగా చేసింది మా పిన్ని ప్రయాణం. పిన్ని సోషల్ టీచరుగా రిటైరైంది. బాబాయి పోయి నాలుగేళ్లు. పిల్లలు "గ్రూప్ టూరులో వెళ్లమ్మా, ఒంటరిగా వద్దు" అంటారు. పిన్నికేమో గ్రూపులో అంత్యాక్షరి ఆడటం పడదు. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తుంది, మోకాళ్లు మా అందరికంటే గట్టివి. చేతిలో లక్ష దాకా పెట్టుకోగలదు. "ఎక్కడికి పిన్నీ?" అంటే కాసేపు ఆలోచించి "అండమాన్" అంది. "ఎన్నేళ్లు చెప్పానే ఆ సెల్యులర్ జైలు గురించి, ఎప్పుడూ చూడలేదు."

గ్రూప్ టూరు కరపత్రంలో ధర చూస్తే చవకే. కింద చిన్న అక్షరాల్లో అది ఇద్దరు ఒక గదిలో ఉంటే తలకు పడే ధర అని ఉంటుంది. ఒంటరి మనిషి అయితే ఎవరో తెలియని ఆవిడతో గది పంచుకోవాలి, లేదా గది మొత్తానికి డబ్బు కట్టాలి. మన దగ్గర ఒంటరిగా తిరిగేవాళ్లకు ఈ జరిమానా ఎక్కడికెళ్లినా తప్పదు. అది కట్టే డబ్బుతో సొంతంగానే వెళ్లిరావచ్చని లెక్కవేసి చూపించాను. పిల్లల భయం భాష గురించి, క్షేమం గురించి. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని అందరూ ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్ అంటున్న ఆ ఊళ్లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసింది 2020లో, అప్పటి నుంచి నెట్ కూడా మెరుగు. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తానని పిన్ని మాట ఇచ్చాక ఒప్పుకున్నారు.

జనవరి మొదట్లో పెట్టాం, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వానాకాలంలో పడవలు రద్దయి దీవుల్లో చిక్కుకుపోయేవాళ్లు ఉంటారు. అప్పుడు కాకపోయినా సరే, స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్ దీవి) నుంచి తిరిగొచ్చిన రోజే విమానం పెట్టవద్దని పట్టుబట్టాను, మధ్యలో ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీగా ఉంచాను. ఇంకో మాట. గడియారం మనదే అయినా ఆ దీవులు చాలా తూర్పున ఉన్నాయి, శీతాకాలంలో ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. హైదరాబాద్ అలవాటుతో పదింటికి టిఫిన్ తిని బయలుదేరితే సగం రోజు పోయినట్టే. పిన్నికి ఎలాగూ నాలుగున్నరకే మెలకువ వస్తుంది.

జైలు చూసిన రాత్రి ఫోన్లో అరగంట పాఠం చెప్పింది. 1906కి కట్టడం పూర్తయింది, ఏడు భుజాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక భుజంలోని గదుల ముఖం పక్క భుజం వీపు వైపు ఉంటుంది, ఎవరూ ఎవరినీ చూడకుండా. "పుస్తకంలో బొమ్మ పైనుంచి తీసింది ఉంటుంది కదా, సైకిల్ చక్రంలాగా. ఆ బొమ్మ చూపించే చెప్పానే ఇన్నేళ్లూ. గదిలో నిలబడితే గాని తెలియలేదు, ఎదురుగా కిటికీ కూడా కనబడదు, గోడే." వచ్చే ఏడాదికి మేఘాలయ అంటోంది. అక్కడ చెట్టు వేర్ల వంతెన చూడాలంటే మూడు వేల పైచిలుకు మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. పిన్ని అయితే ఎక్కుతుంది.

డాలస్ అన్నయ్యకు డబ్బు ఇబ్బంది లేదు, రోజులే తక్కువ. క్రిస్మస్ సెలవుల్లోనే రావాలి, వదిన తరఫు పెళ్లికి వెళ్లాలి, మధ్యలో మిగిలిన వారంలో కేరళ, రాజస్థాన్, తాజ్‌మహల్ అన్నీ కావాలి. కేరళ ముందే కొట్టేశాను. నవంబరు మధ్య నుంచి మకరజ్యోతి దాకా అటుపోయే రైళ్లన్నీ అయ్యప్ప స్వాములతోనే నిండిపోతాయి, విమానం ధరలు పండగ ధరలు. జైపూర్, ఉదయ్‌పూర్ అన్నాను. తాజ్ మీద వదిన పట్టు విడవలేదు. సరే, శుక్రవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు మూసేస్తారు. పొద్దున సూర్యోదయానికి వెళ్లాలనుకోవద్దు, డిసెంబరు ఆఖర్లో ఆగ్రాలో పొద్దున పొగమంచు తప్ప ఏమీ కనబడదు, మధ్యాహ్నం వెళ్లండి. తెల్లవారుజామున హైవే ఎక్కొద్దు. ఇంకా, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డులు చేతిలో పెట్టుకోండి అన్నాను. విదేశీయులకు తాజ్ టికెట్ 1,100, మనకు 50, లోపలి సమాధి చూడాలంటే ఎవరికైనా ఇంకో 200. ఓసీఐ ఉన్నవాళ్లకు మన ధరే వర్తిస్తుంది. అంత డబ్బున్న అన్నయ్య ఆ ఒక్క సంగతికే రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

వీళ్లందరి టికెట్ల మధ్య మా ఇంట్లో పనిచేసే ఈశ్వరమ్మ ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది. "అమ్మా, అందరికీ చూస్తున్నవ్ కదా, నాకూ ఒకటి చూడు." మేడారం పోవాలి, ఇద్దరు బిడ్డలనూ తీసుకుపోవాలి, వెయ్యి రూపాయలు దాటొద్దు. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, ఈసారి జనవరి ఆఖర్లో పడింది. జాతర రోజుల్లో పోతే పిల్లలు తప్పిపోతారని ఆమె భయం. జాతరకు ముందే పోయి మొక్కు చెల్లించుకొని వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు, నువ్వూ అలాగే పో అన్నాను. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి హనుమకొండ, రాత్రికి అక్కడ వాళ్ల చెల్లెలింట్లో పడక, పొద్దున ములుగు మీదుగా మేడారం. డీలక్స్ ఎక్కితే డబ్బులడుగుతారు, బోర్డు చూసి ఎక్కమని పెద్ద బిడ్డకు నేర్పించాను, తల్లికి చదువు రాదు.

వచ్చేటప్పుడు రామప్ప గుడి కూడా చూసి రమ్మన్నాను, అదీ ములుగు జిల్లాలోనే. పదమూడో శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టింది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పెద్దబిడ్డ తొమ్మిదో తరగతి, పుస్తకంలో చదివిందట. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారని బస్సులో తల్లికి చెప్తే ఆమె నమ్మలేదట.

తిరిగొచ్చాక ఖర్చెంతైందని అడిగాను. అమ్మవార్లకు బంగారం అని బెల్లం కొన్నది, మూడు పూటల తిండి, ఆటోలు, చెల్లెలి పిల్లలకు బిస్కెట్లు. వెయ్యిలో ఇంకా మిగిలాయంది. "మరి మీ ఆయన రాలేదా?" అన్నాను.

"ఆయనకైతే టికెట్ పెట్టాలి గదమ్మా. ఇంటికాడనే ఉండమన్న."